తాళం తీసినా ఆగని ఇంజన్

"వదినా, పదే పది నిమిషాలు. పదకొండో నిమిషం మొదలైందంటే నిన్ను కుర్చీతో సహా బయట పెట్టిస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నీకు ఎక్కాలు నేర్పింది నేనేరా. పదికీ ఇరవైకీ నీకు తేడా తెలీదని అప్పుడే తేలిపోయింది" అంది డిటెక్టివ్, సంచీ ఒళ్లో పెట్టుకుని తీరుబడిగా కూర్చుంటూ.

గోడవైపు తిరిగి నవ్వుకుంటున్న కానిస్టేబుల్‌ను ఇన్‌స్పెక్టర్ గుడ్లురిమి చూశాడు. ఇంతలో ఫోను మోగడంతో తలుపు దభాలున వేసి బయటికి వెళ్లిపోయాడు.

డిటెక్టివ్‌కు యాభై దాటాయి. ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిములు తనిఖీ చేస్తూ సగం జీవితం అబద్ధాలు వినడంతోనే గడిపి, ఇక ఆ విద్య వృథా కాకూడదని సొంతంగా ఆఫీసు తెరిచింది. భర్త తమ్ముడు పోలీసు ఇన్‌స్పెక్టర్ కావడం ఆవిడ అదృష్టమని చుట్టాలంతా అనుకుంటారు. అది తన దురదృష్టమని ఆ మరిది అనుకుంటాడు. అతను అరెస్టు చేసిన ఇద్దరిని కిందటేడు ఆవిడ నిర్దోషులని తేల్చి బయటికి తీసుకొచ్చింది. అప్పటి నుంచీ ఇంట్లో భోజనాల దగ్గర వాళ్లిద్దరూ ఉప్పు, నీళ్లు తప్ప ఇంకో మాట మాట్లాడుకోవడం లేదు.

ఇప్పుడు ఆమె ఎదురుగా కూర్చున్న మనిషి మూడోవాడు. కార్ల ట్యూనింగ్ షెడ్డు నడుపుతాడు. అందరూ మాస్టర్ అంటారు. నిన్న సాయంత్రం నుంచి స్టేషన్‌లోనే ఉన్నాడు. మధ్యాహ్నం కోర్టులో హాజరుపరచబోతున్నారు. నేరం కిడ్నాపు.

కనబడకుండా పోయింది ఒక కుర్రాడు. పాత కారొకదాన్ని తొమ్మిదేళ్లపాటు విప్పి, బిగించి, మళ్లీ విప్పి, ఇంజన్ మార్చి, దాని బలం పెంచే టర్బో తగిలించాడు. నిన్న ట్యూనింగ్ పూర్తవగానే షెడ్డు నుంచి ఇంటికి స్వయంగా నడుపుకుంటూ బయల్దేరాడు. కారు వీధిలోకైతే వచ్చింది కానీ మనిషి ఇంటికి చేరలేదు. వీధి పల్లంలో ఖాళీ స్థలం ప్రహరీకి ముక్కు ఆనించి కారు దొరికింది. డ్రైవర్ తలుపు తెరిచి ఉంది, తలుపు అంచుకు రక్తం అంటి ఉంది, తాళంచెవి లేదు. అతని చెల్లెలు పొద్దున్నే డిటెక్టివ్ గుమ్మంలో నిలబడి, "మా అన్నయ్యని వెతికిపెట్టండి మేడం, వాడు తప్ప నాకెవరూ లేరు" అంది. ఏడవలేదు. ఆ ఏడవకపోవడమే డిటెక్టివ్ గుండెను పట్టుకుంది.

"బయల్దేరే ముందు మీరిద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారట?" అని అడిగింది డిటెక్టివ్.

"పోట్లాడుకున్నాం. నాలుగు షెడ్లవతలకి వినబడేట్టు" అన్నాడు మాస్టర్ దాచకుండా. "కొత్త ఇంజన్ మేడం. మొదట్లో పసిబిడ్డని చూసుకున్నట్టు చూసుకోవాలి. ట్రాలీ మీద ఎక్కించి పంపిస్తానన్నాను. ఒప్పుకోడే! ఇన్నేళ్లు కష్టపడి కట్టుకున్న కారుని ట్రాలీ మీద శవంలా ఇంటికి తీసుకెళ్లాలా అన్నాడు. నేనూ అరిచాను. చివరికి దారిలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కను, టర్బో పని చేసే దాకా పోనివ్వను అని ఒట్టేశాకే తాళం చేతికిచ్చాను."

"అంతేనా?"

"ఇంకేముంటుంది? పోట్లాట అయ్యాక ఇద్దరం కలిసి ఫొటో దిగాం."

డిటెక్టివ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "కారులో మనిషి లేడు, ఇంజన్ మాత్రం నడుస్తూ ఉందని సాక్షి చెప్పాడు. మా మరిది దాన్ని పట్టుకునే కిడ్నాపంటున్నాడు. నడుస్తున్న బండి దగ్గర్నుంచి మనిషిని లాగేస్తే తప్ప అలా జరగదంటున్నాడు."

మాస్టర్ మొహంలో నిన్నటి నుంచీ లేని వెలుగు వచ్చింది. "అది టైమర్ మేడం! టర్బో కాలి ఎర్రగా ఉంటుంది. వెంటనే ఇంజన్ ఆపేస్తే లోపలి ఆయిల్ మాడిపోతుంది. అందుకని తాళం తీసేసినా ఇంకో మూడు నిమిషాలు ఇంజన్ దానంతటదే తిరిగి, చల్లబడ్డాక ఆగుతుంది. నిన్న పొద్దున్నే బిగించాను."

"తాళం లేకుండా ఇంజన్ నడుస్తుంటే ఎవడైనా ఎక్కి తోలుకుపోడూ?"

"పోలేడు. హ్యాండ్‌బ్రేకు దించిన మరుక్షణం ఇంజన్ చచ్చిపోతుంది. వైరు అలా కలిపాను. ఆ సంగతి నాకూ, వాడికీ తప్ప నరమానవుడికి తెలీదు. షెడ్డులో కుర్రాళ్లకి కూడా చెప్పలేదు."

డిటెక్టివ్ మనసులో లెక్క కట్టుకుంది. కారు దిగినవాడు తనంతట తానే, తీరిగ్గా, తాళం జేబులో వేసుకుని దిగాడన్నమాట. అలా దిగినవాడు బతికి ఉండటానికి చాలా అవకాశం ఉంది.

తలుపు తెరుచుకుంది. "అయిపోయింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కుర్రాడి ఫోనులో వీడియో ఉందన్నావు. చూపించు."

"దాన్లో ఏముంది వదినా? వాడి పాటలు."

వీడియోలో నిజంగానే పాటలున్నాయి. కారు అద్దానికి తగిలించిన ఫోను దారి పొడుగునా మీటర్లనూ ముందున్న రోడ్డునూ రికార్డు చేసింది. కుర్రాడు ఇచ్చిన ఒట్టును ఎంత నిష్ఠగా పాటించాడంటే, లారీలు దాటిపోయాయి, బస్సు దాటిపోయింది, కూరగాయల మూటలు వేసుకున్న మోపెడ్ కూడా హారన్ కొట్టి మరీ దాటిపోయింది. "వెళ్లండి బాబూ, వెళ్లండి. మాకు తొందరేం లేదు" అని అందరికీ దారి ఇచ్చాడు. గేరు మార్చినప్పుడల్లా కారుతో మాట్లాడాడు. "బంగారు తల్లీ, ఆయిల్ వేడి బాగుంది, నీళ్లు బాగున్నాయి, ఇంటికి చేరిపోదాం. చెల్లి వచ్చేసరికి గుమ్మంలో ఉండాలి మనం. దాని మొహం చూడాలి నేను." మూడూ నలభైకి ఫోనులో చోటు నిండిపోయి వీడియో ఆగిపోయింది.

"ఇది ఎక్కడ?" అంది డిటెక్టివ్.

"వాళ్ల వీధి మలుపు దగ్గరి పెట్రోలు బంకు. అక్కణ్ణుంచి ఇంటికి అయిదు నిమిషాలు."

"సాక్షి నీకు ఎప్పుడు ఫోన్ చేశాడు?"

"నాలుగున్నరకి."

"ఇప్పుడే ఎత్తుకుపోయారన్నాడా?"

ఇన్‌స్పెక్టర్ మీసం సవరించుకున్నాడు. "పెద్దాయన. భయపడి ఉంటాడు. తేరుకుని ఫోన్ చేసేసరికి టైం పట్టదూ?"

"ముప్పావుగంట భయపడ్డాడా?"

"నీకు అందరూ దొంగల్లాగే కనబడతారు వదినా."

"నీకు కనబడనిది ఆ దొంగ ఒక్కడే కదరా. పద, వీధి చూపించు."

వీధి కొంచెం వాలుగా ఉంది. ఎగువన సాక్షి ఇల్లు, దిగువన అన్నాచెల్లెళ్ల ఇల్లు, మధ్యలో కొత్తగా వేసిన స్పీడ్‌బ్రేకర్. చెల్లెలు కారు పక్కనే నిలబడి ఉంది. సీట్లు కుట్టే పని ఆమెది. ఆ కారు లోపలి సీట్లన్నీ ఆమె చేత్తో కుట్టినవే, నల్లటి తోలు మీద ఎర్ర దారం. ముందు బంపరు పగిలి, రేడియేటరులోని నీళ్లు నేల మీద ఎండిపోయి ఉన్నాయి. డిటెక్టివ్ వంగి లోపలికి చూసింది. గేరు న్యూట్రల్‌లో ఉంది. హ్యాండ్‌బ్రేకు దించి ఉంది.

"ఈ స్పీడ్‌బ్రేకర్ ఎప్పుడు వేశారమ్మా?"

"కారు షెడ్డులో ఉన్నప్పుడే మేడం. ఆ పై ఇంటి మేనేజరు గారు అర్జీ పెట్టి వేయించారు. అన్నయ్య చూసి తల పట్టుకున్నాడు. కారు నేలకి జానెడెత్తు కూడా లేదు కదా, దీని మీంచి ఎక్కితే కింద పైపులన్నీ గీసుకుపోతాయి."

గీసుకుపోయాయి కూడా. స్పీడ్‌బ్రేకర్ మీద తెల్లటి గీతలు, కొత్త ఆయిల్ మరక స్పష్టంగా కనిపిస్తున్నాయి. డిటెక్టివ్ దాని పక్కనే ఉన్న కాలవలోకి తొంగి చూసింది. రెండు పొడవాటి చెక్కలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి.

"ఇవేంటి?"

"చెత్త" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దారికి అడ్డంగా ఉంటే మా కానిస్టేబులే కాలవలోకి నెట్టాడు."

చెల్లెలు గబగబా వచ్చి ఒక చెక్కను తిప్పింది. దాని మీద పాత తివాచీ ముక్క ఎర్ర దారంతో కుట్టి ఉంది. "ఇవి మావే! చక్రాలు జారకుండా నేనే కుట్టాను. మెట్టెక్కించాల్సొచ్చినప్పుడు చక్రాల కింద వేసుకుంటాడు. ఇవి మా ఇంటి మెట్ల కింద ఉండాలే!"

డిటెక్టివ్ నడుము నిటారుగా చేసుకుని మరిది వైపు తిరిగింది. "విన్నావా? స్పీడ్‌బ్రేకర్ మీద గీసుకోకుండా కారు అక్కడ పైన ఆపాడు. హ్యాండ్‌బ్రేకు వేశాడు, తాళం తీసుకున్నాడు. ఇంజన్ చల్లబడేలోగా ఇంటికి నడిచి వెళ్లి, మెట్ల కింద చెక్కలు తీసుకుని, ఇక్కడిదాకా తిరిగొచ్చాడు. కిడ్నాపైనవాడు మధ్యలో ఇంటికెళ్లి చెక్కలు మోసుకొస్తాడా?"

"తిరిగొచ్చాకే పట్టుకున్నారేమో!"

"అలాగైతే ఇంజన్ నడుస్తోంది కాబట్టి లాగేశారన్న నీ లెక్క ఏమైంది?"

"వదినా, అక్కడ రక్తం ఉంది. ఇద్దరు మనుషులు, ఒక వ్యాను అని సాక్షి సంతకం పెట్టాడు. ఆ మాస్టర్‌కి ఇద్దరు పనివాళ్లున్నారు, వ్యాను ఉంది. నువ్వు చెక్కలు పట్టుకుని వాదిస్తే జడ్జి నవ్విపోతాడు." అతని గొంతు పెరిగింది. "కుర్రాడు ఎక్కడున్నాడో ఆ మాస్టర్ నోరు విప్పేలోగా ఏదైనా జరిగితే ఎవరు సమాధానం చెప్తారు? నువ్వా?"

అతను కూడా కుర్రాడి కోసమే భయపడుతున్నాడని డిటెక్టివ్‌కు అప్పుడు అర్థమైంది. కోపం కొంత తగ్గింది. "జరగదు. నాతో రా, నీ సాక్షితో ఒక్కసారి మాట్లాడతాను. తప్పని తేలితే ఇంటికెళ్లిపోతాను, నెల రోజులు నీ కేసుల జోలికి రాను."

"మూణ్ణెల్లు" అన్నాడు మరిది ఠక్కున.

సాక్షి రిటైరైన బ్యాంకు మేనేజరు. భార్య పోయి చాలా కాలమైంది, ఇంట్లో ఒక్కడే ఉంటాడు. ముందుగది అద్దంలా ఉంది, ఆయన మాత్రం రాత్రంతా నిద్రలేనట్టు వాడిపోయి ఉన్నాడు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కూర్చోగానే బల్ల మీది ఫోను గుర్రుమంది. ఆయన చూసి దాన్ని బోర్లా తిప్పాడు.

"ఎత్తండి, ఫరవాలేదు" అంది డిటెక్టివ్.

"ఏదో లోన్ల వాళ్లమ్మా. రోజూ ఉండే బాధే."

"నిన్న ఏం చూశారో ఇంకోసారి చెప్తారా?"

"నిన్ననే చెప్పాను కదమ్మా. కారు నా గేటు ముందు ఆగి ఉంది. లోపల ఎవరూ లేరు, ఇంజన్ నడుస్తూనే ఉంది. పొగంతా కిటికీలోంచి లోపలికొచ్చేసింది. దగ్గొచ్చి కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. అప్పుడే వ్యానొచ్చింది. ఇద్దరు దిగారు, మొహాలకి గుడ్డలు. పక్కనే ఉన్న ఆ అబ్బాయిని పట్టుకున్నారు."

"పట్టుకుని?"

"వ్యానులో పడేశారు. ఒకడు కారెక్కాడు."

"ఎందుకెక్కాడంటారు?"

"తీసుకుపోదామని కాబోలు. హ్యాండ్‌బ్రేకు దించగానే ఇంజన్ ఆగిపోయింది. దాంతో కారు జర్రున కిందకి వెళ్లిపోయింది. వాడు దూకి పారిపోయాడు."

ఫోను మళ్లీ గుర్రుమంది. ఎవరూ దాన్ని చూడలేదు. డిటెక్టివ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, రోడ్డు మీద నిలబెట్టి ఉన్న పోలీసు జీపు వంక చూసింది. తర్వాత మరిదిని పిలిచింది.

"ఇక్కణ్ణుంచి మీ జీపు హ్యాండ్‌బ్రేకు కనబడుతోందా?"

"ఎలా కనబడుతుంది? సీటు పక్కన కదా ఉండేది!" అని, అన్నాక ఆగిపోయాడు ఇన్‌స్పెక్టర్.

"మీ స్టేషన్లో ఉన్న మాస్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేయించు. నిన్న పొద్దున్న బిగించిన టైమరు, హ్యాండ్‌బ్రేకు దించితే ఏం చేస్తుందో అడుగు. ఆ సంగతి మాస్టర్‌కీ, కుర్రాడికీ తప్ప ఎవరికీ తెలీదు. తెలియాలంటే ఒకటే దారి. ఆ సీట్లో కూర్చుని, తన చేత్తో దించి చూసి ఉండాలి." ఆమె మేనేజరు వైపు తిరిగింది. గొంతు చాలా మెత్తగా ఉంది. "మీరేనా అండీ?"

మేనేజరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"పొగ తట్టుకోలేకపోయానమ్మా" అన్నాడు వేళ్ల సందుల్లోంచి. "ఆపేద్దామని వెళ్లాను. తాళం లేదు. నాలుగడుగులు ముందుకి జరిగితే చాలనుకుని, ఎక్కి హ్యాండ్‌బ్రేకు దించాను. అంతే, ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగు కదల్లేదు. నాది ఆటోమేటిక్ కారు, రెండే పెడళ్లు. ఎడమ కాలితో తొక్కింది బ్రేకనుకున్నాను, క్లచ్చట అది. పల్లానికి పోతూనే ఉంది."

"అబ్బాయి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎదురొస్తున్నాడు. చేతిలో చెక్కలున్నాయి. నన్ను చూసి వాటిని విసిరేసి పరుగెత్తుకొచ్చాడు. తలుపు లాగాడు. ఇంతలో గోడ... తలుపుకీ గోడకీ మధ్య నలిగాడు. నాకు ఒంటి మీద గీత కూడా పడలేదు."

గుమ్మంలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. చెల్లెలు మెట్లెక్కి వచ్చి అక్కడే నిలబడి ఉంది. డిటెక్టివ్ చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎక్కడున్నాడు?" అంది చెల్లెలు.

"బతికే ఉన్నాడమ్మా! బతికే ఉన్నాడు!" మేనేజరు లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. "నా కార్లోనే తీసుకెళ్లాను. మా అమ్మాయి డాక్టరు, తన నర్సింగ్‌హోములోనే చేర్చి, తిరిగొచ్చాకే పోలీసులకి ఫోన్ చేశాను. స్నేహితుడి కొడుకని చెప్పాను, వాళ్లవాళ్లు బయల్దేరారని చెప్పాను. కాలు విరిగింది, తలకి దెబ్బ తగిలింది. రాత్రే ఆపరేషన్ చేసింది. నేను తెల్లారేదాకా వాడి మంచం పక్కనే కూర్చున్నాను. కళ్లు తెరవలేదు."

"మరి మాకు ఈ వ్యాను కథ ఎందుకు చెప్పారు?" ఇన్‌స్పెక్టర్ పళ్లు కొరికాడు.

"ఆ కారు మోతకి మీ స్టేషన్లో మూడుసార్లు కంప్లయింటు ఇచ్చింది నేనే కదా బాబూ. కక్షగట్టి చంపబోయాననరా? వాడు కళ్లు తెరిస్తే కాళ్లు పట్టుకుని, ఆ తర్వాత నిజం చెప్దామనుకున్నాను. ఎవరో ఒకరిని మీరు పట్టుకుంటారని అనుకోలేదు. పట్టుకున్నారని తెలిశాక చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను తీసి స్టేషన్‌కు చెబుతున్నాడు. "మాస్టర్‌ని లాకప్‌లోంచి బయటికి తీసుకురండి. కాఫీ ఇప్పించండి. నేనే వచ్చి క్షమాపణ చెప్తానని చెప్పండి. ఆఁ, నేనే. విన్నది కరెక్టే."

జీపులో చెల్లెలు ముందుకు వంగి కూర్చుంది, అలా వంగితే బండి ఇంకాస్త వేగంగా పోతుందన్నట్టు. ఎప్పుడూ కారెక్కితే కడుపులో తిప్పే డిటెక్టివ్ కూడా ఆ రోజు మరిదిని నెమ్మదిగా పొమ్మనలేదు.

నర్సింగ్‌హోము మెట్ల మీదే డాక్టరు ఎదురొచ్చింది. తండ్రి వెనకాల పోలీసులు ఉన్న సంగతి ఆమె గమనించనే లేదు.

"పొద్దున్నుంచి ఫోన్ చేస్తున్నాను నాన్నా, ఎత్తవేం? ఎనిమిదింటికే కళ్లు తెరిచాడు. తల స్కాను బాగుంది. భయం లేదు, కాలుకి మాత్రం మూడు నెలలు పడుతుంది."

"ఏ గది?" అంది చెల్లెలు.

డాక్టరు చెయ్యి చూపించేలోగా ఆమె వెళ్లిపోయింది. మరుక్షణం వసారా చివర్నుంచి ఆమె గొంతు వినిపించింది. అన్నయ్యను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది, నిన్నటి నుంచీ ఆపుకున్న ఏడుపంతా ఆ తిట్లలోంచి బయటికొస్తోంది. మధ్యమధ్య బలహీనంగా, నవ్వుతూ ఒక మగ గొంతు "సరేనే, సరేనే" అంటోంది. డిటెక్టివ్ గోడకు ఆనుకుని కళ్లజోడు తుడుచుకుంది. పక్కనే మరిది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మేనేజరు ఆ గదివైపు ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు.

"లోపలికి వెళ్లు నాన్నా, ఫరవాలేదు, మాట్లాడుతున్నాడు" అంది డాక్టరు. "కాని మగత ఇంకా వదిలినట్టు లేదు. కళ్లు తెరిచినప్పట్నుంచి తన కాలు గురించి అడగడు, కారు గురించి అడగడు. వచ్చిన ప్రతి నర్సునీ ఒకటే అడుగుతున్నాడు. 'కార్లో ఒక పెద్దాయన ఉన్నారు, తలుపు తీసి లాగబోయాను, అందలేదు, ఆయనకి దెబ్బేం తగల్లేదు కదా?' అని. ఎవరు నాన్నా ఆ పెద్దాయన?"